ఉరుముగారి మొహానికి ఎవరి గొంతు?

డబ్బింగ్ థియేటర్ బయట నడవాలో, బెంచీ మీద శిష్యుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో డైలాగు కాయితం. ఉరుముగారిని చూడగానే లేచి నిలబడి, తను రానన్నాడనీ, బలవంతాన పిలిపించారనీ సంజాయిషీ చెప్పుకున్నాడు. ఉరుముగారు వాడి భుజం తట్టి, ఏం పరవాలేదన్నట్టు నవ్వి లోపలికి నడిచాడు. తట్టినప్పుడు తెలిసింది ఆయనకి, తన చెయ్యి మంచుగడ్డలా ఉందని.

సంగతి చెప్పుకోవడానికి చిన్నదే. ఉరుముగారు ఒక సినిమాలో వేషం వేశాడు. నవ్వించే వేషం కాదు, మొదటిసారిగా ఏడిపించే వేషం. షూటింగ్ అయిపోయింది, మొహం తెరమీదికి ఎక్కింది. ఇప్పుడా మొహానికి ఎవరి గొంతు పెట్టాలన్నది ఇవాళ తేలాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన నోట్లోంచి సరైన మాట రాకపోతే, బయట కూర్చున్న శిష్యుడు లోపలికొచ్చి మైకు ముందు నిలబడతాడు. ఊళ్ళో వాళ్ళందరికీ గొంతు అరువిచ్చిన మనిషి, తన మొహానికి మాత్రం ఇంకొకడి గొంతు పెట్టించుకుని తిరగాలన్నమాట. పగవాడిక్కూడా రాకూడని అవమానం అది.

ఆయన అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఉరుమే. మనిషిని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ ఊహించలేరు. బక్కపలచగా, గట్టిగా గాలి వీస్తే ఎవరైనా పట్టుకోవాలేమో అన్నట్టుంటాడు. వయసులో ఉండగా బస్టాండులో అనౌన్సరు పని చేశాడు. బస్టాండులో జనం మెత్తగా చెబితే వింటారా? పిల్లల ఏడుపులు, కూలీల కేకలు, ఇంజన్ల మోత. వాటన్నిటినీ నోరుమూయించాలి. అందుకని గడ్డం గుండెకి ఆనించి, పొట్ట లోపలికి లాగి, కుడికాలు ఓ అడుగు ముందుకేసి, బొడ్డు కిందనుంచి గొంతు తీయడం నేర్చుకున్నాడు. పోనుపోను ఇంట్లో మాట్లాడినా అదే గొంతు వచ్చేది. ఫలానా బస్సు బయలుదేరుతోందని ఆయన చెబితే, ఆ బస్సుతో పనిలేనివాళ్ళు కూడా ఉలిక్కిపడి పరిగెత్తి ఎక్కేవారట.

ఓ రోజు ఒక కుర్ర సౌండ్ ఇంజనీరు ఆ గొంతు వింటూ నిలబడిపోయి తన బస్సు పోగొట్టుకున్నాడు. ఆ తప్పిపోయిన బస్సే ఉరుముగారి జాతకం మార్చింది. ఇంజనీరు ఆయన్ని డబ్బింగ్ థియేటర్‌కి లాక్కెళ్ళాడు. బయటి భాషల సినిమాల్లో విలన్లు మన భాష మాట్లాడాలంటే ఈయన దగ్గరికే రావాలి అన్నంత పేరొచ్చింది. తెరమీద ఆరడుగుల రాక్షసుడు పళ్ళు నూరుతుంటే, చీకటి గదిలో స్టూలు పక్కన ఈ పూచికపుల్ల నిలబడి పళ్ళు నూరేవాడు. పెదాలు చూసి మాట పట్టడంలో ఆయనకి సాటి లేరు. ప, బ, మ లాంటి అక్షరాల దగ్గర పెదాలు కలుస్తాయి కదా, అవి ఎక్కడ పడతాయో ముందే పసిగట్టేవాడు.

షూటింగ్‌లో నటులు మాట్లాడింది అక్కడికక్కడే రికార్డు చేస్తారు. జనరేటరు మోతా, లైట్లవాళ్ళ అరుపులూ అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి అది సినిమాకి పనికిరాదు. డబ్బింగ్‌లో గుర్తు కోసం మాత్రం వినిపిస్తారు. దాన్ని పైలట్ అంటారు. మిగతా వాళ్ళందరూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పైలట్ విని మరీ చెబుతారు. ఉరుముగారు వినడు. పెదాలు కనబడుతుంటే చెవులకి ఊతకర్ర ఎందుకు అనేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విననందుకు ఆయనకి బోలెడంత గర్వం. శిష్యులకి కూడా అదే నూరిపోశాడు.

కెమెరా ముందుకి ఎలా వచ్చాడంటే, అదో వేళాకోళం. ఒక దర్శకుడు డబ్బింగ్ గదిలోకి తొంగిచూసి, ఈ గొంతు ఈ శరీరంలోంచి వస్తోందని తెలిసి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడే ఒక వేషం ఇచ్చాడు. రౌడీలు బస్సులో ఒక బక్కమనిషిని తోసేస్తారు. బక్కమనిషి లేచి నిలబడి "ఎవడ్రా అది" అంటాడు. రౌడీలు కిటికీల్లోంచి దూకి పారిపోతారు. హాళ్ళు ఊగిపోయాయి. అంతే, ఇక ఆయనకి ఆ వేషం తప్ప ఇంకొకటి రాలేదు. కానిస్టేబులుగా వేస్తే దొంగ మూర్ఛపోయేవాడు. టీవీ సీరియల్లో పెళ్ళికొడుకు మేనమామగా వేస్తే విందులో ప్లేట్లు జారిపడేవి. టీవీ షోల్లో పిలిచి ఉరమమనేవారు. ఉరిమేవాడు. అందరూ కడుపుబ్బ నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు. తిండికి లోటు లేదు, వీధిలో పిల్లలు చేతులూపుతారు, ఇంకేం కావాలి అని భార్యతో అనేవాడు. ఆవిడ పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఏమీ అనేది కాదు.

ఇంకేం కావాలో ఆయనకి ఆసుపత్రిలో తెలిసింది. కూతురికి జ్వరం ఎక్కువై స్పృహ తప్పింది. ఎత్తుకుని పరిగెత్తి, డాక్టరెక్కడ అని అరిచాడు. నిజంగా భయపడి, కాళ్ళూ చేతులూ ఆడక అరిచాడు. వరండాలో కూర్చున్నవాళ్ళు గుర్తుపట్టేశారు. నవ్వారు. ఒకాయన ఫోను తీసి వీడియో పట్టాడు. నర్సు కూడా, పాపం, ముందు నవ్వేసి తరవాత పరిగెత్తుకొచ్చింది. పిల్ల కోలుకుంది. కానీ ఆ రోజునుంచి ఉరుముగారి గుండెలో ఒక ముల్లు ఉండిపోయింది. తన బాధ కూడా జనానికి వేషంలాగే వినబడుతోంది. రేపు ఇంట్లో ఎవరైనా పోయి ఏడ్చినా నవ్వుతారు. కూతురు పెద్దదయ్యాక స్నేహితుల్ని ఇంటికి తీసుకురావడం మానేసింది. ఎందుకని ఆయన అడగలేదు.

అలాంటి మనిషికి ఈ వేషం వచ్చింది. డైరెక్టరమ్మ ఆయన్ని గొంతు విని తీసుకోలేదు. ఆవిడ టీవీ చూసే మనిషి కాదు. భార్య పని అయ్యేదాకా ఆయన పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని ఉంటే, రిజిస్టరు ఉత్తరం పంపడానికి వచ్చిన డైరెక్టరమ్మ ఆ మొహం చూసింది. నా సినిమాలో తండ్రి ఇతనే అనుకుందట. మీరు నటిస్తారా అని అడిగితే ఆయన మాట రాక తలూపాడు. ఒప్పందం అయ్యాక గాని ఎవరిని పెట్టుకుందో ఆవిడకి తెలియలేదు. తెలిశాక నిర్మాత తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం పట్టు విడవలేదు.

కథలో ఆయనది బస్సు డిపో గుమాస్తా వేషం. కూతురు కనబడకుండా పోతుంది. చివరికి ఆసుపత్రి నుంచి కబురొస్తుంది. వెళ్ళి శవాన్ని చూసి ఇంటికి వస్తాడు. భార్య ఎప్పటిలాగే మూడు కంచాలు పెడుతూ ఉంటుంది. ఆయన గుమ్మంలో నిలబడి, "మూడో కంచం వద్దు. ఇంక మనం ఇద్దరమే" అనాలి. సినిమా అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. షూటింగ్ రోజు ఉరుముగారికి భయంతో చెమటలు పట్టేశాయి. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో తెలియదు. డైరెక్టరమ్మ మొదటిసారికే సరే అంది. భార్య వేషం వేసిన నటి ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

తరవాతే వచ్చింది తంటా. డైరెక్టరమ్మ ఎడిటింగ్‌లో తలమునకలుగా ఉంటే, ఆవిడ అసిస్టెంటుని పక్కన పెట్టుకుని ఉరుముగారు తన డబ్బింగ్ ఒక్క పూటలో ముగించేశాడు. పైలట్ వినలేదు. పెదాలు తనవే కదా, ఇంకా తేలిక అనుకున్నాడు. కాలు ముందుకేసి, గడ్డం ఆనించి, దుఃఖమంతా బొడ్డు దగ్గరనుంచి తీసి పోశాడు. పెదాలకి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. తనకే కళ్ళ నీళ్ళు వచ్చాయి.

డైరెక్టరమ్మ ఆ డబ్బింగ్ వినకముందే, సినిమా కొనేవాళ్ళకి హడావిడిగా వేసి చూపించారు. ఉరుముగారు వెనక వరసలో కూర్చున్నాడు. గుమ్మంలో మొహం కనబడింది. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు తెరమీద "మూడో కంచం వద్దు" అని ఉరిమింది. కళ్ళజోడు తుడుచుకుంటున్న ఆయనే ముందు నవ్వాడు. ఆ తరవాత హాలంతా నవ్వింది. ఉరుముగారు చీకట్లోనే లేచి, గోడ తడుముకుంటూ బయటికి వచ్చేశాడు.

అందుకే ఇవాళ శిష్యుడు నడవాలో కూర్చున్నాడు.

లోపల అద్దం అవతల నిర్మాత, డైరెక్టరమ్మ, సౌండ్ ఇంజనీరు ఉన్నారు. ఆ ఇంజనీరు వెనకటికి బస్సు పోగొట్టుకున్నవాడే. జుట్టు నెరిసింది, ఆయన్ని అన్నా అనే పిలుపు మాత్రం మారలేదు. నిర్మాత చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఉన్నదంతా ఈ సినిమాలో పోసి, నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాడు. డైరెక్టరమ్మ మైకులోంచి, షూటింగ్‌లో చెప్పినట్టే చెప్పండి చాలు అంది. అదే చెబుతున్నానమ్మా అన్నాడు ఉరుముగారు.

లైట్లు ఆరాయి. తెరమీద గుమ్మం, గుమ్మంలో తను. చెప్పాడు. అద్దం అవతల నిర్మాత కళ్ళు మూసుకున్నాడు. గొంతు తగ్గించి మళ్ళీ చెప్పాడు. ఈసారి దూరంగా ఎక్కడో ఉరిమినట్టయింది. బొంగురుగా ప్రయత్నించాడు. ఏడుపు కలిపి ప్రయత్నించాడు. ఇంజనీరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలు చూస్తే తెలిసిపోయింది. ఇన్నేళ్ళ స్నేహితుడే ఆపుకోలేకపోతే ఇక జనం సంగతేమిటి? ఉరుముగారు గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడితే మైకు ఆ చప్పుడు కూడా పట్టేసింది.

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెప్పినకొద్దీ మాటలో ప్రాణం పోతోంది. మూడో కంచం, మూడో కంచం అంటుంటే అదేదో సామాన్ల కొట్లో బేరంలా ఉందని తనకే అనిపించింది. తెరమీద ఆ బక్కమనిషి ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి నిలబడి, దిక్కు తోచని కళ్ళతో చూస్తున్నాడు. నా నోట్లో ఏం మాట పెడతావో పెట్టు అని తననే అడుగుతున్నట్టుంది. ఎంతమంది నోళ్ళలోనో మాటలు పెట్టిన మనిషికి, వీడి నోట్లో పెట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

డైరెక్టరమ్మ పైలట్ వినమంది. ఆయనకి అభిమానం పొడుచుకొచ్చింది. నాకు పైలటా, నా మాట నేను వినాలా అన్నాడు. నిర్మాత లేచాడు. అద్దంలోంచి ఆయన పెదాలు కదలడం కనబడింది. మైకు ఆపేశారు కాబట్టి మాట వినబడలేదు. కానీ పెదాలు చదవడం ఉరుముగారికి ఎవరూ నేర్పక్కర్లేదు. "ఆ అబ్బాయిని రమ్మనండి" అన్నాడు నిర్మాత.

తలుపు తెరుచుకుంది. శిష్యుడు లోపలికి వచ్చి, గోడ పక్కన తల దించుకుని నిలబడ్డాడు. నిర్మాత ఒకసారి చెప్పి చూడమన్నాడు. శిష్యుడు గురువుకేసి చూశాడు. ఉరుముగారు మైకు ముందునుంచి తప్పుకున్నాడు. తప్పుకోవడం తప్ప ఏం చేస్తాడు? శిష్యుడు మైకు దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని చెప్పాడు. మంచి గొంతు. పెదాలకి చక్కగా అతికింది. ఎవరూ నవ్వలేదు. అద్దం అవతల నిర్మాత తలూపాడు. గుమ్మంలో నిలబడ్డ తను ఇంకొకడి గొంతుతో మాట్లాడటం ఉరుముగారు చూస్తూ నిలబడ్డాడు. తను చచ్చిపోయాక తన ఇంట్లో ఎవరో తన చొక్కా వేసుకుని తిరుగుతున్నట్టుంది. ఎన్ని మొహాలకి తను ఇలా చేశాడో, వాళ్ళకెవరికైనా ఇలా అనిపించిందో లేదో అని మొదటిసారి అనుకున్నాడు.

శిష్యుడు కాయితం మడిచి, మైకు ముందునుంచి పక్కకి జరిగాడు. "గురువుగారూ, నేను పైలట్ విని చెప్పాను. పొద్దున నడవాలో వినిపించారు. మీరొకసారి వినండి. నామీద ఒట్టు" అన్నాడు మెల్లగా. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. గురువు నేర్పిన నియమం గురువు ఎదురుగా తప్పానని చెబుతున్నాడు వాడు. కోప్పడదామంటే ఉరుముగారికి ఓపిక లేదు.

హెడ్‌ఫోన్లు తీసి తలకి పెట్టుకున్నాడు. పెట్టుకోవడం అలవాటు లేక చెవుల మీద సర్దుకోవడానికి కాసేపు పట్టింది. ఇంజనీరు పైలట్ వేశాడు.

జనరేటరు హోరు. ఎక్కడో ఏదో కిందపడ్డ చప్పుడు. లైట్లవాడు ఎవరినో పిలిచాడు. నేలమీద కంచం పెట్టిన శబ్దం. తరవాత, ఆ హోరు కింద, సన్నగా ఎవరిదో మాట. తెరమీద తన పెదాలు కదులుతున్నాయి, తన ఉరుము మాత్రం ఎక్కడా లేదు. ఉరుముగారు చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఎవడో పక్కనుంచి డైలాగు అందిస్తున్నాడు. వాడి మాట పడి నాది వినబడట్లేదు. అది తీసేసి నాది వెయ్యి" అన్నాడు.

అద్దం అవతల ఇంజనీరు మైకు మీట నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాడు.

"ఎవరూ అందించలేదన్నా. అది నువ్వే."

ఉరుముగారు నమ్మలేదు. మళ్ళీ వెయ్యమన్నాడు. విన్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. చిన్న గొంతు, కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు. మాట చివర్లో గాలి సరిపోక ఆగిపోయే గొంతు. బస్టాండులో ఎవరూ వినిపించుకోరే, అలాంటి గొంతు. భయంలో కాలు ముందుకెయ్యడం మరిచిపోయాడు, గడ్డం ఆనించడం మరిచిపోయాడు. అవి మరిచిపోతే లోపల మిగిలింది ఇది. ఇన్నేళ్ళూ ఇది ఎక్కడుంది? సిగ్గు ముంచుకొచ్చింది ఆయనకి, ఒంటిమీద బట్ట జారినట్టు. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. విన్నంత మాత్రాన సరిపోదు. ఇది ఇప్పుడు నోట్లోంచి రావాలి. ఎక్కడనుంచి తియ్యాలో ఆయనకి తెలియదు.

మైకు దగ్గరికి నడిచాడు. నిలబడితే కుడికాలు దానంతటది ముందుకి వచ్చింది. వెనక్కి లాక్కున్నాడు. గడ్డం కిందికి దిగింది. ఎత్తాడు. ఇలా కాదని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంజనీరు ఆశ్చర్యపోతూ లోపలికి వచ్చి మైకు కిందికి దించి వెళ్ళాడు. ఈ గదిలో ఉరుముగారు కూర్చుని మాట్లాడటం ఎవరూ చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తియ్యకుండా, పైలట్ వేస్తూ ఉండమన్నాడు. నిర్మాత గడియారం చూసుకున్నాడు.

మొదటిసారి నోరు తెరిస్తే శబ్దమే రాలేదు. గాలి వచ్చింది. రెండోసారి సగం మాట దగ్గర ఉరుము తోసుకొచ్చింది, చటుక్కున నోరు మూశాడు. మూడోసారి తెరకేసి చూడలేదు. తన పెదాలు తను చూడలేదు. కళ్ళు మూసుకుని, చెవిలో మాట్లాడుతున్న ఆ చిన్న మనిషి వెనకే, తప్పిపోతానేమో అన్నట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాడు.

"మూడో కంచం వద్దు. ఇంక మనం ఇద్దరమే."

కళ్ళు తెరిచేసరికి లైట్లు వెలిగాయి. అద్దం అవతల డైరెక్టరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇంజనీరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఎవరు నవ్వుతారా అని ఉరుముగారు ఒక్కొక్క మొహమే వెతికాడు. నిర్మాత కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఉరుముగారు హెడ్‌ఫోన్లు తీసి తలుపు తెరిచాడు. ఆ తరవాత నడవాలోంచి, అబ్బాయిని ఇంటికి పంపించేసి భోజనాలు తెప్పించండని నిర్మాత ఎవరికో చెప్పడం వినిపించింది.

శిష్యుడు వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఉరుముగారు పట్టుకుని ఆపాడు. ఏదో అందామనుకున్నాడు, నోట్లోంచి ఏ గొంతు వస్తుందో తెలియక ఊరుకున్నాడు.

పొద్దున్నుంచి భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. ఇవాళ ఆవిడ సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుంది. ఉరుముగారి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. ముందుగదిలో ఉన్న ఆఫీసు ఫోనునుంచి చేశాడు.

"నేను. అయిపోయింది" అన్నాడు.

"ఎవరండీ?" అంది ఆవిడ.

"నేనే."

ఆవిడ గొంతు కంగారుగా వచ్చింది.

"ఏమైంది? ఎవరు పోయారు?"

ఎవరూ పోలేదన్నాడు ఆయన. పని అయిందనీ, తన గొంతే ఉంచుతున్నారనీ చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు లేదు. నిజం చెప్పమంది. నిజమేనన్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం ఫోన్లో వినబడింది.

"అత్తయ్యగారు పోయిన రోజు ఫోను చేసి ఇలాగే మాట్లాడారు. మళ్ళీ ఇవాళే వింటున్నా" అంది.

సరే, ఇంటికొచ్చి చెబుతానని ఫోను పెట్టేయబోయాడు.

"పెట్టెయ్యకండి" అంది ఆవిడ. "ఇంకాసేపు మాట్లాడండి. ఏదో ఒకటి."

బల్ల అంచు మీద కూర్చుని, పొద్దున నడవాలో శిష్యుణ్ణి చూసిన దగ్గరనుంచి ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు.